బాత్రూమ్‌లో నల్లా చప్పుడు

ఈసారి వేస్తున్నవన్నీ కౌన్సెలింగ్, అంటే మాట్లాడించి చేసే వైద్యం (థెరపీ) గురించిన ఉత్తరాలే. నా వృత్తీ అదే. ఉత్తరాల్లో పేర్లు, గుర్తులు తీసేసి, స్థలం చాలక కొంత కుదించి వేస్తున్నాం. జవాబుల్లో నేను చెప్పే క్లయింట్ల సంగతులు ఏ ఒక్కరివీ కావు. ఇద్దరు ముగ్గురివి కలిపి, వివరాలు మార్చి రాసినవి.

ప్రశ్న: మేడమ్, దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు జిరాక్స్, స్టేషనరీ షాపు ఉంది. మా అత్తగారు పోయిన దగ్గర్నుంచి మా ఆవిడ మనిషి మనిషిలా లేదు. వంట చేస్తూ చేస్తూ స్టవ్ ఆపేసి నిలబడిపోయేది. రాత్రిళ్ళు నాకు వినపడకూడదని బాత్రూమ్‌లో నల్లా తిప్పుకుని ఏడ్చేది. మర్చిపో, పిల్లల్ని చూసుకో అని ఎంతో చెప్పాను. ఫ్యామిలీ డాక్టర్ గారు చెప్తే ఐదు నెలలుగా ప్రతి మంగళవారం కౌన్సెలింగ్‌కి పంపిస్తున్నాను. ఒక్కసారికి 1,200 రూపాయలు. మాట్లాడటానికి డబ్బులెందుకు? నేను లేనా? లోపల ఏం మాట్లాడావంటే ‘ఏవో మాటలు’ అంటుంది. ఆ కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తే ఆవిడా చెప్పలేదు. ఇప్పుడు బోనాలకి మా అక్క పిల్లలతో వస్తానంటే ‘ఈసారి నా వల్ల కాదు వదినా’ అని ఫోన్లోనే చెప్పేసింది. పదిహేనేళ్ళలో ఎప్పుడూ అలా అన్లేదు. అక్కడ మా ఇంటికి వ్యతిరేకంగా నేర్పిస్తున్నారేమోనని నా అనుమానం. ఈమధ్య నల్లా తిప్పడం మానేసింది, నిద్రపోతోంది, అది నిజమే. – ఒక భర్త

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలండీ. మూడు పేజీల ముప్పావు ఫిర్యాదే. ‘నల్లా తిప్పడం మానేసింది, నిద్రపోతోంది’ అన్నది మాత్రం నాలుగో పేజీ అడుగున, చోటు లేక మార్జిన్లో నిలువుగా రాశారు. నేనైతే ఉత్తరం అక్కడే మొదలుపెట్టేదాన్ని. 1,200 రూపాయలకి ఏం వచ్చిందని నన్నడుగుతూ, జవాబు మీరే రాసి పంపారు.

‘నేను లేనా’ అన్నారు. ఉన్నారు, చిక్కంతా అక్కడే ఉంది. మీ ఎదురుగా ఏడవాలంటే ఆవిడ ముందు మీ మొహం చూసుకోవాలి. కంగారు పడతారా, విసుక్కుంటారా, రేపు షాపులో ఈ దిగులే పెట్టుకుని కూర్చుంటారా అని. ‘మర్చిపో’ అని మీరు ప్రేమతోనే అన్నారు, నాకు సందేహం లేదు. అమ్మ పోయిన మనిషికి ఆ మాట ‘ఇక ఆ సంగతి ఈ ఇంట్లో ఎత్తకు’ అన్నట్టు వినపడుతుంది. అప్పుడు ఆవిడకి మిగిలింది బాత్రూమూ, నల్లానూ.

ఇంట్లోవాళ్ళం వినలేం. సలహా నోటి చివర్నే ఉంటుంది. ఇరవై ఏడేళ్ళుగా వినడమే వృత్తిగా బతుకుతున్న నేను కూడా అంతే. ‘నీ క్లయింట్లకిచ్చే ముప్పావుగంటలో పది నిమిషాలు నాకూ ఇవ్వమ్మా’ అని మా అబ్బాయి దెప్పుతుంటాడు.

లోపల ఏం జరుగుతుందో ఆవిడ చెప్పలేదు కాబట్టి, మామూలుగా ఏం జరుగుతుందో నేను చెప్తాను. కూర్చునేది నలభై ఐదు నిమిషాలు, మహా అయితే యాభై. మొదటి ఒకటి రెండుసార్లు నిద్ర, తిండి, పాత జబ్బులు, ఇంటి సంగతులు అడుగుతాం. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడుగుతాం. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. పుట్టదు, అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. తర్వాత, ఏం మారితే మీకు బాగుంటుందని అడుగుతాం. ఆ తర్వాతే అసలు పని.

ఆ పని ఎలా ఉంటుందో ఒక ముచ్చట చెప్తాను. ఒకావిడ ప్రతివారం వచ్చి ‘నేను పక్కనుంటే మా అమ్మ బతికేది’ అనేది. అలా అనుకోకు అని చుట్టాలందరూ అప్పటికే చెప్పేశారు. నేనూ అదే చెప్తే ఇంకో చుట్టాన్నవుతాను. కాబట్టి ఆ రాత్రిని గంట గంటగా చెప్పించాను. పదింటికి ఫోన్లో అమ్మ ఏమంది? రెండింటికి ఎవరు ఫోన్ చేశారు? అప్పుడు మీకు తెలిసింది ఎంత? ఆరింటికి డాక్టరు ఏం చెప్పారు? మూడు వారాలు పట్టింది. మూడో వారం ఆవిడే మధ్యలో ఆగి, ‘ఆరింటికి తెలిసినదాన్ని పట్టుకుని, రెండింటికి అది తెలియని నన్ను తిడుతున్నాను కదండీ’ అంది. నేను ఆ ముక్క మొదటివారమే చెప్పగలను. చెప్తే తలూపి, ఇంటికెళ్ళి మళ్ళీ నల్లా తిప్పుకునేది.

ఈ వైద్యానికి ‘మాటల వైద్యం’ అని పేరు పెట్టింది కూడా ఒక పేషెంటే. 1880లలో వియన్నాలో యోసెఫ్ బ్రాయర్ అనే డాక్టర్ దగ్గర చికిత్స తీసుకున్న బెర్తా పాపెన్‌హైమ్. తండ్రికి జబ్బు చేసి, ఆయనకి సేవ చేస్తూ చేస్తూ తనే మంచాన పడింది. కొన్నాళ్ళు సొంత భాష జర్మన్ నోట రాక ఇంగ్లిష్‌లోనే మాట్లాడేది. లోపలున్నవి చెప్పుకోవడాన్ని సరదాగా ‘పొగగొట్టం ఊడ్చడం’ అనేది. 1895లో బ్రాయర్, తర్వాత మనోవిశ్లేషణ పద్ధతికి ఆద్యుడైన డాక్టర్ ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో ఆమె కథ ‘అన్నా ఓ’ అన్న మారుపేరుతో ఉంది. పుస్తకంలో ఉన్నంత చక్కగా అప్పుడే నయం కాలేదు లెండి, ఆ తర్వాత కూడా శానటోరియంలో ఉండాల్సి వచ్చింది. అయినా లేచి నిలబడి, జర్మనీలో 1904లో యూదు మహిళల సంఘం పెట్టింది. పొగగొట్టం సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. జిరాక్స్ మెషిన్ లోపల టోనర్ పొడి పేరుకుంటే, కాగితం ఎంత తెల్లటిది పెట్టినా ప్రతి కాపీ మీదా నల్లగీత పడుతుంది కదా.

కౌన్సెలర్ మీకేమీ చెప్పలేదని కోపం వచ్చింది. చెప్పి ఉంటే నేను ఆవిణ్ణి తప్పుపట్టేదాన్ని. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు పేషెంటుకి ఉందని 2017 మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఇంకొకరికి హాని ఉన్నప్పుడు లాంటి కొన్ని మినహాయింపులే తప్ప, ఫీజు కట్టేది భర్త అన్నది మినహాయింపు కాదు.

ఇక మీ అక్కగారి సంగతి. ఆవిడ పిల్లలతో వస్తే ఇంట్లో ఎంతమందవుతారు, వంట ఎవరు చేస్తారు, పదిహేనేళ్ళుగా ఎవరు చేస్తున్నారు అన్నది మీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఒంట్లో ఓపిక లేనప్పుడు లేదని చెప్పడం చికిత్సలో భాగమే. నేర్పిస్తున్నారేమో అని మీకు అనుమానం కదా, ఒక గుర్తు చెప్తాను. మొగుణ్ణి వదిలెయ్ అనో, సర్దుకుపో అనో తీర్పులిస్తుంటే అది చికిత్స కాదు, పంచాయితీ. ‘నా వల్ల కాదు వదినా’ అన్న మాటలో నాకు ఏ తీర్పూ వినపడలేదు. చివర్న ‘వదినా’ అన్న పిలుపు కూడా ఉంది.

డబ్బుల గురించి అడగడం మాత్రం మీ హక్కే. ఇంకా ఎన్ని వారాలు, ఎంత మారిందో ఎప్పుడు కూర్చుని చూసుకుంటారు అని మీ ఆవిడ ద్వారా అడిగించండి. డిప్రెషన్‌కి ఒక పద్ధతి ప్రకారం చేసే థెరపీ చాలావరకు పన్నెండు నుంచి ఇరవై సార్లలో ఒక కొలిక్కి వస్తుంది. ఐదు నెలలంటే ఆ లెక్క దగ్గరకే వచ్చారు. ఆవిడ ఒప్పుకుంటే ఒక మంగళవారం ఇద్దరూ కలిసి వెళ్ళొచ్చు. ఈలోపు మంగళవారాలు షాపు కుర్రాడికి అప్పజెప్పి ఆరింటికే ఇంటికి వెళ్ళండి. ఏం మాట్లాడావని అడక్కండి. రాత్రి వంట మీరు చూసుకోండి, కర్రీ పాయింట్ నుంచి తెచ్చినా సరే.

ప్రశ్న: థెరపీకి మూడుసార్లు వెళ్ళాను. ఏమీ మారలేదు. నాకు ఇది పడదని వదిలేయనా? – సైనిక్‌పురి

జవాబు: థెరపీని వదిలేయకండి, కావాలంటే మనిషిని మార్చండి. పదకొండేళ్ళ కిందట మా నాన్న పోయినప్పుడు నేనూ ఒకావిడ దగ్గరికి వెళ్ళాను. యాభై నిమిషాల్లో ముప్పై నిమిషాలు వాళ్ళమ్మాయి అమెరికా వీసా కష్టాలు చెప్పారు. బయటికొచ్చి ఆటోలో నవ్వుకున్నాను, ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. నెల తర్వాత ఇంకో చోటికి వెళ్ళాను. ఆయన మొదటి అరగంటలో నాలుగు మాటలు మాట్లాడి ఉంటారేమో, నాకవి ఇప్పటికీ గుర్తే. నచ్చలేదని మొహం మీదే చెప్పొచ్చు, మంచి థెరపిస్టు నొచ్చుకోరు. మరీ కదిలించే సంగతులు ఎత్తినప్పుడు మొదటి వారాల్లో బాధ పెరిగినట్టు కూడా అనిపిస్తుంది, అది కూడా చెప్పండి. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు కాబట్టి చదువేంటో అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబరు అడగడం తప్పేం కాదు. మందులు రాసేది సైకియాట్రిస్టు.

ప్రశ్న: మేడమ్, మాది నల్గొండ దగ్గర పల్లె. ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌లో ఉండి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తున్నా. వయసు 23. రెండు నెలల కింద రాయదుర్గంలో ఇంటర్వ్యూకి మెట్రోలో పోతుంటే గుండె దడ, చెమటలు, చేతులు తిమ్మిరి. చచ్చిపోతున్నా అనిపించి యూసుఫ్‌గూడలో దిగేశా. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ నార్మల్. గ్యాస్ అన్నారు. అప్పట్నుంచి మెట్రో ఎక్కలేదు, ఇప్పుడు లిఫ్ట్ కూడా ఎక్కట్లేదు. సీబీటీ అంటున్నారు, అదేంటి? నా దగ్గర పైసల్లేవు. ఇంట్లో చెప్తే ఎర్రగడ్డకు పోతావా అంటారు.

జవాబు: నువ్వు అనే అంటాను బాబూ, మా అబ్బాయికన్నా చిన్నవాడివి. పరీక్షలు చేయించుకుని మంచి పని చేశావు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే అది ప్యానిక్ అటాక్‌లా, అంటే ఉన్నట్టుండి ఒళ్ళంతా ముంచేసే భయంలా ఉంది. ఎదురుగా చూసి ఖాయం చేయాల్సింది డాక్టరే.

యూసుఫ్‌గూడలో ఏం జరిగిందో చూద్దాం. ఇంటర్వ్యూ టెన్షన్‌కో, పొద్దున్నించీ టిఫిన్ లేకో గుండె కాస్త వేగంగా కొట్టుకుంది. అయ్యో, హార్ట్ ఎటాక్ అనుకున్నావు. అలా అనుకోగానే భయం, భయానికి ఇంకా దడ, ఆ దడ చూసి ఇంకా భయం. గిరగిరా తిరిగే చక్రం అది. మామూలుగా అది కొద్ది నిమిషాల్లో తారస్థాయికి వెళ్ళి, తర్వాత దానంతటదే దిగిపోతుంది. నువ్వు ఆ దిగడం చూడలేదు, ముందే రైలు దిగేశావు. దిగగానే హాయిగా అనిపించింది కదా, మెదడు అక్కడ తప్పుడు లెక్క వేసుకుంది: రైలు దిగాను కాబట్టి బతికాను అని. అదే లెక్క లిఫ్ట్‌కి కూడా వేసింది. ఒప్పుకుంటూ పోతే రేపు క్లాస్‌రూమ్‌కి వేస్తుంది.

సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ఆలోచననీ, చేసే పనినీ రెంటినీ పట్టుకునే పద్ధతి. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు దీనికి రూపం ఇచ్చాడు. ఆయన ఫ్రాయిడ్ పద్ధతిలో తయారైనవాడే. పేషెంట్లు పైకి చెప్పే మాటల వెనక, రెప్పపాటులో వచ్చిపోయే ఇంకో వరస ఆలోచనలున్నాయని ఆయన గమనించాడు. అవి ఎంత త్వరగా వస్తాయంటే, ఆలోచన అని కూడా తెలియదు, నిజమే అనుకుంటాం. నీ ‘చచ్చిపోతున్నా’ అలాంటిదే. ఆయన 2021లో నూరేళ్ళు నిండాక పోయాడు. ఆ వయసు దాకా పనిచేస్తూనే ఉన్నాడు.

మా గదిలో దీన్ని మాటలతోనే వదిలేయం. క్లయింట్‌తో కలిసి నేను మూడంతస్తులు మెట్లెక్కుతాను. పైకి వెళ్ళేసరికి ఆయనకి దడ, ఆయాసం, చెమట. ఇదే కదా ఆ రోజు వచ్చింది, ఇప్పుడు మీరే తెచ్చుకున్నారు, ఏమైనా అయిందా అని అడుగుతాను. (నా మోకాళ్ళకి మాత్రం అవుతోంది, అందుకే ఈమధ్య గదిలోనే ఒక నిమిషం జాగింగ్ చేయిస్తున్నాను.) తర్వాత రైలు. అమీర్‌పేటలో ఎక్కి మధురానగర్‌లో దిగడం, ఒక్క స్టేషనే, స్నేహితుడితో. అది విసుగు పుట్టేదాకా చెయ్యాలి. భయం పోయిందనడానికి నాకు తెలిసిన మంచి గుర్తు విసుగే. తర్వాత యూసుఫ్‌గూడ. అక్కడ దడ వస్తే దిగకుండా, అది ఎక్కి దిగేదాకా కూర్చోవడం. ఆ తర్వాత ఒంటరిగా. ఇలా రాయదుర్గం దాకా. మొదటి మెట్లు మాత్రం నేర్చినవాళ్ళతో కలిసి వేసుకో.

పైసల సంగతి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ప్రభుత్వానిది. నీ హాస్టల్ నుంచి మెట్రోలో రెండో స్టేషన్. మెట్రో ఎక్కనంటున్నావు కాబట్టి బస్సులో వెళ్ళు, పొద్దున్నే ఓపీకి. చదువుకునే రోజుల్లో కొన్ని నెలలు అక్కడ శిక్షణకి వెళ్ళాను. ఎర్రగడ్డ అనగానే ఆటో అతను ఒకసారి అద్దంలో నా మొహం చూసేవాడు. మన ఊళ్ళో అదొక తిట్టయిపోయింది. ఓపీ వరసలో మాత్రం టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆఫీసులకి వెళ్ళేవాళ్ళూ, కాలేజీ పిల్లలూ కనపడేవారు. అక్కడికి మనసొప్పకపోతే గాంధీలో, ఉస్మానియాలో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఈ రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో ఎలా చెప్పాలంటావా? గుండె పరీక్షలు నార్మల్ వచ్చాయి, భయానికి ట్రీట్‌మెంట్ తీసుకోమన్నారు అని చెప్పు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ప్రశ్న: అమ్మా, నాకు 66. మల్కాజ్‌గిరిలో ఒక్కదాన్నే ఉంటాను. మావారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. పోయి రెండేళ్ళు. అమ్మాయి డల్లాస్‌లో ఉంది, దేనికీ లోటు లేదు. పొద్దున్నే సహస్రనామం చదువుకుంటాను, ఆ తర్వాత రోజు ఎలా గడపాలో తెలియదు. ఊరికే ఆలోచనలు. ఆయన కళ్ళజోడు ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. థెరపిస్టుతో వీడియో కాల్ మాట్లాడమని అమ్మాయి పోరు. ఈ వయసులో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి మావారి సంగతులు చెప్పుకోవడం సిగ్గు కాదూ? ఆయన దగ్గరికి వెళ్ళిపోతే బాగుండు అనిపిస్తుంది.

జవాబు: అక్కయ్యా, ముందు మీ ఆఖరి మాట. దానికి రెండర్థాలున్నాయి. ఆయన లేని లోటు తట్టుకోలేక అనుకునే మాట ఒకటి. నిజంగానే ఏదో చేసుకోవాలనిపించడం ఇంకొకటి. మీది ఏదో నాకు కాగితం మీద తెలియదు, అందుకే అడుగుతున్నాను. రెండోదైతే, లేదా ఏదో మీకే స్పష్టంగా తెలియకపోతే, ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. అక్కడ అర్ధరాత్రయినా ఫరవాలేదు. ఆ అబ్బాయికి ఇచ్చిన 14416 నంబరు మీకూ పనికొస్తుంది. పక్కింటివాళ్ళని కాసేపు వచ్చి కూర్చోమనండి.

మొదటిదే అయితే ఒక బెంచీ సంగతి చెప్తాను. ఆఫ్రికాలో జింబాబ్వే దేశం. డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు దగ్గరికి రావాల్సిన ఒక అమ్మాయి బస్సు ఛార్జీల్లేక రాలేక ప్రాణం తీసుకుంది. దేశం మొత్తం మీద ఆయనలాంటి డాక్టర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఇక లాభం లేదని ఆయన 2006లో రాజధాని హరారేలో పద్నాలుగు మంది అమ్మమ్మల్ని పోగుచేసి, ఎలా వినాలో, చిక్కుని ముక్కలుగా ఎలా విడదీయాలో నేర్పాడు. ఆసుపత్రి ఆవరణలో ఒక చెక్క బెంచీ వేసి, కష్టంలో ఉన్నవాళ్ళని ఆ అమ్మమ్మల పక్కన కూర్చోబెట్టాడు. 2016లో 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళకన్నా బెంచీ మీద కూర్చున్నవాళ్ళు బాగా తేరుకున్నారు. అక్కడి షోనా భాషలో ఈ బాధకి ‘కుఫుంగిసిసా’ అని పేరు, అతిగా ఆలోచించడం అని అర్థం. మీరు రాసిన ‘ఊరికే ఆలోచనలు’ అన్నమాట.

కాబట్టి ఈ వయసులోనా అని అడక్కండి. ఆ బెంచీ మీద వినేవాళ్ళు మీ ఈడువాళ్ళే. సిగ్గు అన్నారు, నిజమే, మొదటిరోజు ఉంటుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర ఒక సుఖం కూడా ఉంది: వాళ్ళు మీ పెళ్ళికి రాలేదు, రేపు ఏ ఫంక్షన్లోనూ ఎదురుపడరు. భర్త పోయిన దుఃఖం జబ్బేమీ కాదు. రెండేళ్ళయినా రోజు గడవకపోవడం మాత్రం చూపించుకోవాల్సిన సంగతే. వీడియో కాల్ చేతకాకపోతే ఫోన్లో మాట్లాడొచ్చు, దగ్గర్లో ఎవరైనా ఉంటే ఎదురుగా కూర్చుని మాట్లాడటం ఇంకా మంచిది. సహస్రనామం మానక్కర్లేదు, అది పొద్దుటి పని. నేను అడిగేది పదకొండు గంటల తర్వాత సంగతి.

కళ్ళజోడు అక్కణ్ణుంచి తీసేయమని చెప్పను. మావారి సంగతులు చెప్పుకోవడం సిగ్గు కాదూ అంటూనే ఆయన రైల్వే ఉద్యోగం, కళ్ళజోడు, ఫ్రిజ్ అన్నీ నాకు రాశారు. అది పెట్టుకుని ఆయన ఏం చదివేవారో ఈసారి ఉత్తరంలో రాయండి.